పెరట్లో కోళ్ళు పెట్టేముందు టీకా సంగతి తేలాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ రైతు పేజీలో పెరటి కోళ్ళ పెంపకం మీద వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. మా అత్తయ్యకి ఎనభై రెండేళ్ళు. చూపు సరిగ్గా ఆనదు కాబట్టి నేనే పైకి చదివి వినిపించాను. పది పెట్టలుంటే ఇంటికి గుడ్ల ఖర్చు ఉండదు, పైగా నెలనెలా నాలుగు డబ్బులు చేతికొస్తాయి అన్న చోట ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "చూశావా అమ్మాయ్, నేను ఎప్పట్నుంచి చెబుతున్నానో" అన్నారు. మావారు ఏమీ అనలేదు, లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారో నాకు తెలుసు. మీ వ్యాసంలో గూడు ఎలా కట్టాలో ఉంది, ఏ రకం కొనాలో ఉంది, ఎంత మిగులుతుందో ఉంది. టీకాల గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది: సకాలంలో టీకాలు వేయించుకోవాలి అని. ఆ ఒక్క వాక్యం దగ్గరే మా పది కోళ్ళూ పోయాయి. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది పశ్చిమ గోదావరి జిల్లా. తణుకుకి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, కాలవ గట్టున ఉన్న ఊరు. ఇల్లు పోగా వెనక రెండు సెంట్ల పెరడుంది. అందులో ఒక కొబ్బరి చెట్టు, ఒక ములగ చెట్టు, నూతి పక్కన అరటి పిలకలు. మిగిలిన నేలలో వంగ, బెండ, తోటకూర వేసుకుంటాను. 2022లో ఉగాది వెళ్ళిన వారం రోజులకి మోపెడ్‌కి గంపలు కట్టుకుని కోడిపిల్లలు అమ్మే అతను మా వీధిలోకి వచ్చాడు. గ్రామప్రియ రకం అన్నాడు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. వనరాజా కూడా వాళ్ళదే. వనరాజా గుడ్లకీ మాంసానికీ పనికొస్తుంది, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకే. మూడు వారాల పిల్లలు, ఒక్కోటి అరవై రూపాయలు. "టీకాలన్నీ వేయించేశానండి" అని కూడా చెప్పాడు. పదహారు పిల్లల్ని తీసుకున్నాం.

రెండింటిని పిల్లి ఎత్తుకుపోయింది. మిగిలిన పద్నాలుగులో అయిదు పుంజులు తేలాయి. దసరాకి నాలుగింటిని ఇచ్చేసి ఒకదాన్ని ఉంచుకున్నాం. నిజానికి గుడ్ల కోసమే అయితే ఆ ఒక్కటి కూడా అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పిల్ల అవదు, అంతే. ఈ సంగతి మా ఊళ్ళోనే చాలామందికి తెలియదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు, ముఖ్యంగా ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నచోట, పుంజు జోలికి వెళ్ళకుండా ఉంటే పొరుగువాళ్ళతో సగం గొడవలు తప్పుతాయి. తెల్లారుజామున మూడున్నరకి అది కూస్తే మనకి మన ఇంటి కోడి, పక్కింట్లో చంటిపిల్లని అప్పుడే నిద్రపుచ్చిన తల్లికి కాదు.

ఆ అక్టోబరులో, అట్లతద్ది ముందురోజు మొదటి గుడ్డు వచ్చింది. అరటి పిలకల మధ్య ఎండుటాకుల్లో, ఇంకా వెచ్చగా ఉంది. పెంకు మీద కాస్త నెత్తురు చార. తొలిగుడ్డుకి అలా ఉంటుందిలే అన్నారు అత్తయ్య. ఆవిడ దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చెంపకి ఆనించుకున్నారు. మా పెళ్ళయ్యాక ముప్పై అయిదేళ్ళలో ఆవిడ ముఖంలో అంత సంతోషం నేను చూసింది బహు కొద్దిసార్లు. ఆ తర్వాత రోజూ సాయంత్రం గోడ పట్టుకుని నడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళి, "బా బా" అని పిలిచి నూకలు చల్లేవారు. డాక్టరు గారు నడవమంటే నడవని మనిషి. తెల్ల మచ్చలున్న ఒక పెట్ట ఆవిడ కాళ్ళ దగ్గరే తిరిగేది. దానికి చుక్కపెట్ట అని పేరు పెట్టారు.

లెక్క కూడా చెబుతాను, నోటుబుక్కులో రాసిపెట్టుకున్నదే. ఆ సంక్రాంతి నెలలో తొమ్మిది పెట్టలకీ కలిపి 136 గుడ్లు వచ్చాయి. అందులో నలభై గుడ్లు పది రూపాయల చొప్పున అమ్మాను, నాలుగు వందలు. మిగిలినవి మేం తిన్నవి, ఇరుగుపొరుగుకి ఇచ్చినవి. అదే నెలలో దాణాకి ఆరు వందల ఎనభై అయింది, ఇంట్లో నూకలూ తవుడూ కలపకుండానే. కోడికి రోజుకి వంద, నూట పది గ్రాముల మేత కావాలి. పెరట్లో పురుగూ పుట్రా ఏరుకున్నా దాణా పూర్తిగా మానేస్తే గుడ్లు తగ్గిపోతాయి. ఇంటికి మంచి గుడ్డు వస్తుంది, ఆ మాట నిజం. ఊకతో కలిసిన కోడిపెంట రెండు మూడు నెలలు కుప్ప వేసి మాగనిచ్చి వంగ పాదులకి వేస్తే కాపు బాగా వచ్చింది, అదీ నిజం. పచ్చిది వేస్తే మాత్రం మొక్క మాడిపోతుంది. అంతేగానీ పది కోళ్ళతో నెలనెలా డబ్బులొస్తాయని ఎవరైనా ఆశపెడితే నేను ఒప్పుకోను. పిల్లల్ని కొన్న డబ్బు, గూటికి వెల్డ్ మెష్‌కి పెట్టిన మూడు వేల రెండొందలు ఈ లెక్కలోకి రానేలేదు.

ఇంకో సంగతి. కూరగాయల మొక్కలూ విడిగా తిరిగే కోళ్ళూ ఒక పెరట్లో కుదరవు. తోటకూర మడిని ఒక్క పూటలో గీరి పారేశాయి. నాకు వల కట్టించక తప్పలేదు. అవి గోడ దూకి పక్కింటి పిన్నిగారు మంచం మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాల్లోకి వెళ్ళిన రోజు ఆవిడ నాతో మాట్లాడలేదు. వారం తర్వాత అర డజను గుడ్లు పట్టుకెళ్ళి నేనే మాట కలిపాను. అప్పట్నుంచి మధ్యాహ్నం మూడు దాటాకే గూడు తలుపు తీసేదాన్ని. కోళ్ళు పెట్టాలా వద్దా అని ఆలోచించేవాళ్ళు తమ పెరడు ఒక్కటే చూసుకుంటే చాలదు, పొరుగింట్లో ఏం ఆరబెడతారో, ఏ వేళకి పడుకుంటారో అది కూడా చూసుకోవాలి. కొనకముందే వెళ్ళి ఒక మాట అడగడం అన్నిటికన్నా మేలు.

ఇక అసలు విషయం. 2023 ఏప్రిల్లో నేను మా దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్ళి కోళ్ళకి టీకా వెయ్యమని అడిగాను. కోడిపిల్లలు అమ్మిన అతను వేయించానన్నది వారం రోజుల వయసులో కంట్లో వేసే చుక్క ఒక్కటే. గూళ్ళకి గూళ్ళే ఖాళీ చేసే కొక్కెర తెగులు (రాణీఖేత్ జబ్బు) రాకుండా ఉండాలంటే ఆ చుక్క నాలుగు వారాలకి మళ్ళీ వెయ్యాలి, ఎనిమిది వారాలప్పుడు రెక్క కింద ఇంజెక్షన్ కూడా చెయ్యాలి. ఈ సంగతి నాకు అక్కడే తెలిసింది. అక్కడ ఉన్నాయన మర్యాదగానే చెప్పారు. "అమ్మా, ఈ మందు వంద డోసుల సీసాలో వస్తుంది. పొడి మందు, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. మీ పది కోళ్ళ కోసం విప్పితే మిగతా తొంభై డోసులూ పారబొయ్యాలి. వీధిలో ఇంకో నలుగురిని కూడగట్టుకుని కబురు పెట్టండి, వచ్చి వేస్తాం" అన్నారు. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వీధిలో నలుగురిని అడిగాను. అందరూ దాళ్వా కోతల హడావుడిలో ఉన్నారు. కోతలు అయ్యాక చూద్దాం అన్నారు. సరే అనుకున్నాను.

రోహిణి కార్తెలో ఒకరోజు పొద్దున్న గూడు తలుపు తీస్తే చుక్కపెట్ట బయటికి రాలేదు. మూల నక్కి కూర్చుంది. రెక్కలు వేలాడేసింది. నోరు తెరిచి, మెడ ముందుకి చాచి గాలి పీల్చుకుంటోంది, పీల్చినప్పుడల్లా గొంతులో గురక. కింద ఊక మీద ఆకుపచ్చగా నీళ్ళలా రెట్ట. ఎండ దెబ్బేమోనని మజ్జిగ పట్టించాను. సాయంత్రానికి దాని మెడ ఒక పక్కకి మెలి తిరిగిపోయింది. తల వీపు మీదకి వాలిపోయి ఆకాశం కేసి చూస్తోంది. అత్తయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని తల నిలబెట్టాలని చూస్తారు, ఆవిడ చెయ్యి తీయగానే మళ్ళీ మెలి తిరుగుతుంది. రాత్రి ఎనిమిదింటికి ఆవిడ ఒళ్ళోనే పోయింది. మర్నాడు మూడు, ఆ మర్నాడు నాలుగు, నాలుగో రోజుకి పుంజుతో సహా గూడు ఖాళీ. వీధిలో మిగతా ఇళ్ళవి కూడా కలుపుకుంటే పది రోజుల్లో అరవైకి తక్కువ కాకుండా పోయాయి. కొక్కెర తెగులు వచ్చాక మందు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత అందరూ టీకా గురించి అడగడం మొదలుపెట్టారు, వెయ్యడానికి కోళ్ళు లేవు.

మావారు కొబ్బరి చెట్టు వెనక మోకాలి లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి అన్నిటినీ పాతిపెట్టారు. మొన్న మీ వ్యాసం చదువుతుంటే ఆయన లేచి వెళ్ళింది ఆ చెట్టు దగ్గరికే. వీధిలో కొందరు చచ్చిన కోళ్ళని సంచిలో కట్టి కాలవలో పడేశారు. ఆ నీళ్ళు కింది ఊళ్ళకి పోతాయి. ఇంకొందరు తెగులు తగిలిన వాటిని సగం ధరకి అమ్మేశారు. దయచేసి ఈ రెండు పనులూ చెయ్యొద్దని మీ పత్రిక ఒకసారి గట్టిగా రాస్తే చాలామందికి మేలు చేసినవారవుతారు.

ఏడాదిన్నర పైగా పెరట్లో కోళ్ళ మాట ఎత్తలేదు. 2025 సంక్రాంతికి అత్తయ్య మళ్ళీ అడిగారు. పందెం కోళ్ళ గురించి కాదు నేను చెప్పేది. మా జిల్లాలో కోడి అంటే చాలామందికి అదే గుర్తొస్తుంది. బాదంపప్పు పెట్టి పెంచి కాలికి కత్తి కట్టే ఆ వ్యవహారం మా గుమ్మంలోకి ఎప్పుడూ రాలేదు. ఆవిడ అడిగింది గుడ్డు పెట్టే నాలుగు పెట్టల్ని. ఫిబ్రవరిలో తెద్దామనుకున్నాం. ఫిబ్రవరి రెండో వారంలో మా తణుకు మండలం వేల్పూరులోనూ, పక్కన తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ ఉన్నట్టు భోపాల్ ల్యాబులో తేలింది. తెగులు తేలిన చోటికి చుట్టూ కిలోమీటరు లోపల కోళ్ళని చంపి పూడ్చారు. పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టారు. మా ఊరు ఆ పది కిలోమీటర్ల లోపలే ఉంది. చికెన్ కొట్లు మూసేశారు. ఒళ్ళంతా తెల్లటి కవర్ సూట్లు వేసుకున్న మనుషుల్ని ఫోన్లో చూసి మా మనవడు దడుచుకున్నాడు. పల్నాడు జిల్లాలో మార్చిలో చనిపోయిన రెండేళ్ళ పాపకి వచ్చింది ఆ జబ్బేనన్న వార్త రాగానే, విశాఖలో ఉండే మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, కోళ్ళు తేవద్దు, తెస్తే పిల్లాణ్ణి తీసుకురాను" అంది. వాడికి అప్పటికి మూడేళ్ళు. దాని భయం తప్పని నేను అనను.

కానీ భయపడి ఊరుకోవడం కాకుండా తెలుసుకోవాలనుకున్నాను. మా పశువైద్యుడి గారిని అడిగితే ఓపిగ్గా చెప్పారు. బాగా ఉడికిన మాంసంలో, గుడ్డులో ఆ వైరస్ బతకదు, డెబ్భై డిగ్రీల వేడి చాలు. జబ్బు వచ్చేది వలస పక్షుల నుంచి, వాటితో కలిసే బాతుల నుంచి. బాతు పైకి ఏమీ తెలియకుండానే వైరస్‌ని మోస్తుంది. మాకు కొల్లేరు ఎంతో దూరం లేదు. కోతలయ్యాక మా చేలల్లోకి బాతుల మందలు తోలుకొస్తారు. ఆ చేలోకి మన కోళ్ళని వదిలితే అదే నీళ్ళు తాగి, అదే బురదలో గీరి ఇంటికొస్తాయి. చెప్పులతో, మేత సంచులతో కూడా వస్తుందట. కొక్కెర తెగులుకి ఉన్నట్టు దీనికి మనకి టీకా వేసే పద్ధతి లేదు, తేలిందంటే చంపి పూడ్చడమే. కాబట్టి మా ఊరి లాంటి చోట కోళ్ళని చేలల్లోకి వదిలే మాట మర్చిపోవాలి. నాలుగు గోడల పెరట్లో, పైన వల, నీళ్ళ తొట్టికి పిట్టలు వాలకుండా కప్పు, గూట్లోకి వెళ్ళడానికి వేరే చెప్పుల జత, ఇలా అయితేనే పెట్టుకోవాలి. పసిపిల్లల్ని గూట్లోకి రానివ్వకూడదు. కోళ్ళు వరసగా చనిపోతే దాచిపెట్టకుండా వెంటనే చెప్పాలి.

ఇవన్నీ తెలిశాక కూడా మా అత్తయ్య కోరిక కాదనడం నా వల్ల కాలేదు. అందుకని ఈసారి ముందు కొన్ని విషయాలు తేల్చుకున్నాను. సందె చీకటి పడగానే గూడు తలుపు ఎవరు వేస్తారు? పాత కోళ్ళున్నప్పుడు మేం ఒక్కరోజు పెళ్ళికని భీమవరం వెళ్ళి మర్చిపోతే ముంగిస ఒక పెట్ట పీక కొరికి వదిలేసింది, అదృష్టవశాత్తూ అది బతికింది. ఇకనుంచి తలుపు మావారి పని, ఆయన ఊళ్ళో లేకపోతే నాది. పుంజు వద్దు. పక్కింటి పిన్నిగారిని అడిగాను, మూడు దాటాకే వదులుతానంటే సరే అన్నారు. మా అమ్మాయి వాళ్ళు వచ్చినప్పుడు పెరటి తలుపుకి తాళం. ఇవన్నీ మా చేతిలో ఉన్నవే. మా చేతిలో లేనిది టీకా ఒక్కటే.

రెండు కోళ్ళున్న ముసలమ్మకి, అయిదు కోళ్ళున్న కూలీ ఇంటికి వంద డోసుల సీసా ఎలా అందుతుంది? ఫారం వాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళకి వెయ్యి డోసులైనా సరిపోవు. పెరటి కోళ్ళు పెంచమని ప్రోత్సహించేది మాత్రం మాలాంటి వాళ్ళనే. పశుసంవర్ధక శాఖ వారికి నా విన్నపం ఒక్కటే. ప్రతి ఊరికి మూడు నెలలకి ఒకసారి కోళ్ళ టీకాకి ఒక తేదీ ఖాయం చెయ్యండి. ఊళ్ళో రైతు సేవా కేంద్రం ఉంది, అక్కడ పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు. ఆ రోజు పొద్దున్న ఏడింటికి, ఎండ ఎక్కకముందే, ఐసు పెట్టెలో సీసా తెచ్చి రామాలయం అరుగు మీద కూర్చుంటే కోళ్ళని గంపల్లో పెట్టుకుని మేమే వస్తాం. రెండు గంటల్లో సీసా ఖాళీ అవుతుంది, ఒక్క డోసు కూడా వృథా కాదు. పోలియో చుక్కలకి ముందుగా చాటింపు వేసినట్టు దీనికీ వేయిస్తే చాలు. మీ పత్రిక వారికీ ఒక మనవి. కోళ్ళ పెంపకంతో ఎంత సంపాదించారో రాసే చోటే, జిల్లా పేజీలో ఏ ఊళ్ళో ఏ రోజు టీకాలు వేస్తారో కూడా వేయండి. మా ఇంట్లో పత్రిక మడత విప్పగానే అందరూ చూసేది జిల్లా పేజీయే.

మీ వ్యాసం వచ్చిన మర్నాటి నుంచి నేను నోటుబుక్కు పట్టుకుని మా వీధి, వెనక వీధి ఇంటింటికీ తిరుగుతున్నాను. ఇంటి యజమాని, కోళ్ళ సంఖ్య, వాటి వయసు రాసుకుంటున్నాను. నిన్న సాయంత్రానికి పదకొండు ఇళ్ళు, 74 కోళ్ళు అయ్యాయి. అందులో మేం ఇంకా కొనని నాలుగు లేవు. వంద కావడానికి ఇరవై ఆరు తక్కువ, చెరువు గట్టు వైపు ఇళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. వంద నిండాక ఆ జాబితా పట్టుకుని ఆసుపత్రికి వెళతాను. ఎవరైనా వచ్చి టీకా తేదీ చెప్పిన రోజునే మా అత్తయ్యకి కోడిపిల్లలు కొంటాను, అంతవరకూ కొనను. ఆవిడకి ఆ మాటే చెప్పాను. సరేనన్నారు. అటక మీద ఉన్న పాత కోడిగంపని మాత్రం దింపించి, పేడతో అలికించి, నిన్ననే ఎండలో పెట్టించారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తణుకు దగ్గర, పశ్చిమ గోదావరి జిల్లా